విదేశంలో ఎన్నాళ్ళు ఉండనిస్తారు? కౌంటర్ దగ్గర ఆ తేదీ ఎలా పడుతుంది, మీరేం చేయాలి

వైజాగ్‌లో ఏ అపార్ట్‌మెంటుకి వెళ్ళినా పిల్లల దగ్గరికి విదేశం వెళ్ళొచ్చిన పెద్దవాళ్ళు ఒకరిద్దరైనా తగులుతారు. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, ఉక్కునగరం అయితే ఇక చెప్పక్కర్లేదు. మొదటిసారి వెళ్ళేవాళ్ళు వాళ్ళని అడిగే మాట దాదాపు ఇదే: "అమెరికా వీసా పదేళ్ళకిచ్చారు కదండీ, మరి అందరూ ఆర్నెల్లకే వచ్చేస్తున్నారేంటి?" జవాబు మాత్రం ఒక్కో ఇంట్లో ఒక్కోలా వస్తుంది. ఆర్నెల్లు మన హక్కు అని ఒకరు, అంతా ఆఫీసర్ మూడ్‌ని బట్టి అని ఇంకొకరు, రిటర్న్ టికెట్ ఎప్పటికుంటే అప్పటిదాకా ఇస్తారని మరొకరు. మూడిట్లోనూ కాస్త కాస్త నిజం ఉంది, గందరగోళమంతా అందుకే.

టూరిస్టుగా వెళ్ళినప్పుడు చూసుకోవాల్సిన తేదీలు రెండు. వీసా మీద అచ్చయిన గడువు, ఆ లోపు మీరు ఆ దేశం సరిహద్దు దాకా వెళ్ళి లోపలికి రానివ్వమని అడగొచ్చు అని చెప్తుంది, అంతే. లోపలికి వెళ్ళాక ఏ రోజులోగా బయటపడాలో చెప్పేది రెండో తేదీ. దాన్ని ఎవరు వేస్తారు, దేన్ని చూసి వేస్తారు, అందులో మన చేతిలో ఉన్నదెంత, వరసగా చూద్దాం. పిల్లలు చదివి అమ్మానాన్నలకి ఫోన్లో చెప్పుకునేలా రాస్తున్నాను, వెళ్ళేవాళ్ళే చదువుకుంటే ఇంకా మంచిది.

ముందు మీరు వెళ్ళే దేశం ఏ కోవలోదో చూసుకోండి

కొన్ని దేశాల్లో రోజులు వీసాలోనే రాసేసి ఉంటాయి, కౌంటర్ ఆఫీసర్ కొత్తగా లెక్కేసేది ఏమీ ఉండదు. యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే షెంగెన్ వీసా ఇలాంటిదే. ఆ స్టిక్కర్‌ని ఒకసారి దగ్గర పెట్టుకుని చూడండి. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని ఒక వరస ఉంటుంది, దాని దగ్గర్లోనే ఎన్ని రోజులు ఉండొచ్చో ఇంకో అంకె ఉంటుంది. ఒకసారికే పనికొచ్చే వీసా అయితే తేదీల మధ్య 25 రోజులు ఉండి, అంకె మాత్రం 10 అని ఉండొచ్చు. ప్రయాణం అటూఇటూ అయితే ఇబ్బంది పడకుండా 15 రోజులు వెసులుబాటు ఇస్తారు కాబట్టి ఆ తేడా. ఆ 15 రోజులూ కూడా ఉండిపోవచ్చనుకుని ప్లాన్ వేసేవాళ్ళున్నారు. కుదరదు, 10 అంటే పదే, దిగిన రోజూ బయల్దేరిన రోజూ రెండూ అందులోకే వస్తాయి. పలుమార్లు వెళ్ళే వీసా ఉన్నా ఏ 180 రోజులు తీసుకున్నా అందులో 90 రోజులకి మించకూడదు, అదీ జనవరి నుంచి జూన్ అని క్యాలెండర్ చూసుకునే లెక్క కాదు, ప్రతి రోజూ ఆ రోజు నుంచి వెనక్కి 180 రోజులు లెక్కపెట్టి చూడాలి. యూరోపియన్ యూనియన్ వాళ్ళే దీనికో కాలిక్యులేటర్ ఆన్‌లైన్‌లో పెట్టారు, వేళ్ళ మీద లెక్కపెట్టకుండా అది వాడండి. 2025 అక్టోబరు నుంచి స్టాంపులు తీసేసి వేలిముద్రలు, ఫొటోతో నమోదు చేసే పద్ధతి అంచెలంచెలుగా మొదలైంది, కాబట్టి రోజులు లెక్కపెట్టేది ఇప్పుడు కంప్యూటరే, ఎవరి కన్నూ గప్పలేరు.

ఆస్ట్రేలియా కూడా ఈ కోవే. వీసా మంజూరైనట్టు వచ్చే ఉత్తరంలోనే ఒక్కో రాకకి మూడు నెలలా, ఆర్నెల్లా, ఏడాదా అన్నది రాసి ఉంటుంది. ఆ ఉత్తరం చివర్లో కండిషన్ల నంబర్లుంటాయి, ఎవరూ చదవరు, అసలు సరుకంతా అక్కడే ఉంటుంది. 8503 ఉంటే అక్కడికెళ్ళాక పొడిగింపు అడగడానికి దాదాపు దారి మూసుకున్నట్టే. 8558 ఉంటే ఏ 18 నెలల్లోనైనా మొత్తం కలిపి 12 నెలలే, మెల్‌బోర్న్‌లో పిల్లలున్న అమ్మానాన్నలకి ఎక్కువగా తగిలేది ఇదే. ఇక వియత్నాం ఈ-వీసాలో తేదీలు కచ్చితంగా ఉంటాయి, మీరు వారం ఆలస్యంగా వెళ్తే ఆ వారం పోయినట్టే, దాన్ని చివర్లో కలపరు.

ఇంకొన్ని దేశాల్లో వచ్చినవాళ్ళందరికీ ఒకటే లెక్క. బ్రిటన్ విజిటర్ వీసా రెండేళ్ళదైనా పదేళ్ళదైనా ఒక్కో రాకకి ఆర్నెల్లకి మించదు. మలేసియా 2023 డిసెంబరు నుంచి మనవాళ్ళకి వీసా లేకుండా 30 రోజులు ఇస్తోంది. థాయ్‌లాండ్ 2023 నవంబరులో 30 రోజులతో మొదలుపెట్టి 2024 జూలైలో 60 చేసింది, అక్కడి ప్రభుత్వం ఈ అంకెని తరచూ కదిలిస్తుంటుంది కాబట్టి టికెట్ కొనే ముందు వాళ్ళ ఎంబసీ పేజీ చూసుకోండి. ఎంత చూసుకున్నా చివరికి అక్కడ చెల్లేది పాస్‌పోర్టులో పడిన స్టాంపులోని తేదీయే, దిగిన రోజే మొదటి రోజు.

మిగిలినవి కౌంటర్ దగ్గర ఆఫీసర్ తేదీ వేసే దేశాలు: అమెరికా, కెనడా, సింగపూర్. మన ఊరి నుంచి ఎక్కువమంది వెళ్ళేది వీటికే, టెన్షన్ కూడా వీటితోనే, కాబట్టి ఇక్కడి నుంచి ఎక్కువగా వీటి గురించే.

పాస్‌పోర్టు గడువు సంగతి ముందే తేల్చుకోండి

ఆఫీసర్ ఎంత మంచివాడైనా పాస్‌పోర్టుకి గడువు లేకపోతే రోజులు ఇవ్వలేడు. సింగపూర్, థాయ్‌లాండ్ లాంటి దేశాలకి కనీసం ఆర్నెల్లు గడువు ఉండాలి, లేకపోతే ఇక్కడ ఎయిర్‌లైన్ వాళ్ళే ఎక్కనివ్వరు. అమెరికా విషయం కొంచెం వేరు. మన పాస్‌పోర్టుకి గడువు తీరాక ఇంకో ఆర్నెల్లు చెల్లినట్టే లెక్క అని వాళ్ళ దగ్గర ఒక దేశాల జాబితా ఉంది, అందులో భారత్ ఉంది, కాబట్టి అదనంగా ఆర్నెల్లు లేకపోయినా రానిస్తారు. కానీ పాస్‌పోర్టు నాలుగు నెలల్లో అయిపోతుంటే ఉండే తేదీని కూడా ఆ రోజుకే కట్ చేయడం మామూలే. పిల్లలేమో ఆర్నెల్లు ఉంటారు కదా అని రిటర్న్ టికెట్ తీసేసి ఉంటారు, తీరా చూస్తే తేదీ రెండు నెలలు ముందే ముగుస్తుంది.

గడువు తీరడానికి ఏడాది ముందు నుంచే పాస్‌పోర్టు రీ-ఇష్యూకి పెట్టుకోవచ్చు. మర్రిపాలెంలోని ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం మనకి దగ్గరే, పోలీసు వెరిఫికేషన్‌కి పట్టే రోజులు కూడా లెక్కలో వేసుకుని మొదలుపెట్టండి. కొత్తది వచ్చినా పాతదాన్లో ఉన్న అమెరికా వీసా చెల్లుతుంది, రెండు పుస్తకాలూ కలిపి పట్టుకెళ్ళాలి. పాతది బీరువాలో పెట్టేసి హైదరాబాద్ దాకా వెళ్ళాక గుర్తొస్తే ఎవరూ ఏమీ చేయలేరు.

ఆఫీసర్ అసలు నిర్ణయించేది ఏంటి

ఇది కొంచెం నిదానంగా చదవండి, ఎక్కువమంది తలకిందులుగా అర్థం చేసుకునేది ఇక్కడే.

అమెరికాలో బీ2 వీసా, అంటే టూరిస్టు వీసా మీద వచ్చినవాళ్ళని లోపలికి రానిస్తే మామూలుగా ఆర్నెల్లు ఇవ్వాలనే నిబంధనల్లో ఉంది, మీరు మూడు నెలలే చాలన్నా సరే. తక్కువ ఇవ్వాలంటే ఆ మనిషి విషయంలో తగిన కారణం ఉండాలి, పై అధికారి ఒప్పుకోవాలి. మొదటిసారే ఏడాది దాకా ఇచ్చే వీలు కూడా ఉంది కానీ ఇవ్వరు, దాని మీద ఆశ పెట్టుకోకండి. అంటే కౌంటర్లో కూర్చున్న మనిషి మీకు 120 రోజులివ్వాలా 180 రోజులివ్వాలా అని తూకం వేయడం లేదు. ఈమె నిజంగా చూడ్డానికే వచ్చిందా, చూసుకుని తిరిగి వెళ్తుందా, ఇదొక్కటే తేల్చుకుంటున్నాడు. అవును అనిపిస్తే ఆర్నెల్లు దానంతటదే పడుతుంది. అనుమానం వస్తే రోజులు తగ్గడం కాదు, అసలు రానివ్వాలా వద్దా అన్న దగ్గరికే వెళ్తుంది. అందుకే "ఎక్కువ రోజులు ఎలా అడగాలి" అని నన్నడిగేవాళ్ళతో నేననేది, రోజులు అడగొద్దు, అనుమానానికి చోటివ్వకండి అని.

మరి దేన్ని చూసి తేల్చుకుంటాడు? పాస్‌పోర్టు స్కాన్ చేయగానే, ఫొటో తీయగానే మీ పాత రాకపోకలన్నీ స్క్రీన్ మీదికి వస్తాయి. ఎప్పుడు వచ్చారు, ఎన్నాళ్ళున్నారు, ఎప్పుడు వెళ్ళారు. అన్నిటికన్నా ఎక్కువ మాట్లాడేది ఇదే. పోయినసారి ఆర్నెల్లు నిండడానికి నాలుగు రోజుల ముందు బయల్దేరి, ఇంట్లో రెండు నెలలు కూడా ఉండకుండా మళ్ళీ వచ్చిన మనిషి ఆఫీసర్‌కి టూరిస్టులా కనిపించరు, అక్కడే కాపురం ఉంటూ మధ్యలో విశాఖ చూసొచ్చినట్టు కనిపిస్తారు. "ఆర్నెల్లు ఉంటే ఆర్నెల్లు ఇండియాలో ఉండి తీరాలి" అని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది కదా, అమెరికా చట్టంలో అలాంటి రూలేమీ లేదు. రూలు కాకపోయినా పద్ధతిగా మాత్రం మంచిదే, అక్కడ ఉన్న కాలం కన్నా ఇక్కడ ఉన్న కాలం ఎక్కువ ఉండేలా చూసుకుంటే కౌంటర్ దగ్గర ప్రశ్నలు తగ్గుతాయి.

తర్వాత మీరు వీసా ఫారంలో రాసింది, కాన్సులేట్ ఇంటర్వ్యూలో చెప్పింది. అప్పుడు నెల రోజులు అని రాసి ఇప్పుడు ఆర్నెల్లు అంటే ఎందుకు మారిందో చెప్పగలగాలి. ఏజెంట్ ఏం నింపాడో తెలియకుండా వెళ్ళేవాళ్ళు చాలామంది, ఆ ఫారం కాపీ తెప్పించుకుని ఒక్కసారి చదవండి. ఆ తర్వాత రిటర్న్ టికెట్, ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారు, ఇక్కడ మీకేం ఉంది. పెన్షన్, ఇల్లు, ఇంకో బిడ్డ ఇక్కడే ఉండటం, ఇవన్నీ తిరిగి వస్తారనడానికి ఆధారాలు.

కెనడాలో ఆఫీసర్‌కి ఇంకాస్త స్వేచ్ఛ ఉంది. స్టాంపు కింద పెన్నుతో ఒక తేదీ రాస్తే ఆ రోజు వరకే, అది రెండు నెలలైనా కావచ్చు. ఏమీ రాయకపోతే అడుగుపెట్టిన రోజు నుంచి ఆర్నెల్లు. అమ్మానాన్నల కోసం వేరేగా ఉన్న సూపర్ వీసా అయితే 2022 జూలై నుంచి ఒక్కో రాకకి ఐదేళ్ళ దాకా ఉండనిస్తున్నారు. ఆ వీసా మీద వెళ్ళేవాళ్ళు ఆ మాట కౌంటర్ దగ్గర స్పష్టంగా చెప్పండి, మెడికల్ ఇన్సూరెన్స్ కాగితం చేతిలో పెట్టుకోండి.

సింగపూర్‌కి మన వైజాగ్ నుంచే నేరుగా స్కూట్ విమానం ఉంది కాబట్టి చాలామంది దాన్ని పక్క ఊరిలా తీసుకుంటారు. వీసా రెండేళ్ళ దాకా చెల్లేది ఇచ్చినా, ఉండే రోజులు దిగాకే తేలతాయి, మనవాళ్ళకి మామూలుగా 30 రోజుల దాకా ఇస్తారు. అక్కడ స్టాంపు వేయరు. ఈ-పాస్ అని ఒకటి ఈమెయిల్‌కి పంపిస్తారు, చివరి తేదీ అందులో ఉంటుంది. ఆ ఈమెయిల్ ఏది? అక్కడ దిగే ముందు మూడు రోజుల్లో నింపే అరైవల్ కార్డులో మీరిచ్చింది. ట్రావెల్స్ అబ్బాయి తన ఈమెయిల్ పెట్టి నింపేస్తే మీ తేదీ ద్వారకానగర్‌లో అతని ఇన్‌బాక్స్‌లో కూర్చుంటుంది, మీరు సింగపూర్‌లో తెల్లమొహం వేసుకుని ఉంటారు. ఆ కార్డు నింపడానికి డబ్బులేమీ కట్టక్కర్లేదు, మీ ఫోన్లో మీరే నింపుకోండి.

కౌంటర్ దగ్గర ఏం చెప్పాలి

అమెరికాలో ఈ తతంగం మీరు మొదట దిగిన ఊళ్ళోనే జరుగుతుంది, తర్వాత ఇంకో లోపలి విమానం ఉన్నా సరే. హైదరాబాద్ నుంచి అబుదాబి మీదుగా వెళ్తే అబుదాబిలోనే అమెరికా వాళ్ళ కౌంటర్ ఉంటుంది, అక్కడే అంతా అయిపోతుంది, దిగాక మామూలు ప్రయాణికుల్లా బయటికి వెళ్ళిపోవచ్చు. ఆ కౌంటర్ చూసి "ఇదేంటి, ఇంకా అమెరికా రాలేదు కదా" అని కంగారు పడొద్దని పెద్దవాళ్ళకి ముందే చెప్పి పంపండి. విశాఖలోనో హైదరాబాద్‌లోనో మన ఇమ్మిగ్రేషన్ వాళ్ళు అడిగేది వేరు, అక్కడ మీరు ఎన్నాళ్ళుంటారో నిర్ణయించేది వీళ్ళు కాదు.

ప్రశ్నలు మామూలువే. ఎందుకొచ్చారు, ఎవరి దగ్గర ఉంటారు, ఎన్నాళ్ళు, ఏం చేస్తుంటారు, ఏం తెచ్చారు. "ఎన్నాళ్ళు" అన్నదానికి మాత్రం మనవాళ్ళ నోట్లోంచి ఠక్కున వచ్చే జవాబు "ఆర్నెల్లు". ఎందుకు ఆర్నెల్లు అంటే, ఇచ్చేది అంతే కదా అని. అది కారణం కాదు. మీ అసలు ప్లాన్ చెప్పండి: "మా అమ్మాయికి మే నెలలో డెలివరీ, బిడ్డ బారసాల చూసుకుని ఆగస్టు 20న తిరుగు టికెట్." పని ఉంది, తేదీ ఉంది, దాని వెనక కారణం ఉంది. నిజంగానే ఐదున్నర నెలల ప్లాన్ ఉంటే అదే చెప్పండి, టికెట్ కూడా అదే చూపిస్తుంది కాబట్టి దాచాల్సిన పనేం లేదు, ఎందుకంత కాలమో ఒక్క వాక్యంలో చెప్పగలిగితే చాలు.

పిల్లల పెంపకం దగ్గర జాగ్రత్త. అమ్మమ్మ మనవడిని ఎత్తుకోవడం ఉద్యోగమని ఎవరూ అనరు. కానీ అమ్మాయి తరఫువాళ్ళు ఆర్నెల్లు, అబ్బాయి తరఫువాళ్ళు ఆర్నెల్లు అని వంతులు వేసుకుని డేకేర్ ఖర్చు తప్పించుకోవడం మన తెలుగు ఇళ్ళలో ఉన్నదే, ఆఫీసర్లకి అది కొత్తేమీ కాదు. "బేబీ సిట్టింగ్‌కి వచ్చాను" అనే మాట పనిలోకి వచ్చినట్టు వినిపిస్తుంది. చూడ్డానికి వచ్చాం, కొన్నాళ్ళు ఉండి వెళ్తాం, అదే నిజం, అదే చెప్పాలి. ఒకవేళ నిజంగానే ఏడాది పొడుగునా బిడ్డని చూసుకోవడమే ప్లాన్ అయితే, ఆ ప్లాన్‌కి ఈ వీసా సరిపోదు, మాటలు మార్చి నెట్టుకురావాలని చూడకండి. అబద్ధం తేలితే ఆ ఒక్క ప్రయాణంతో పోదు, జీవితాంతం వీసా రాకుండా పోవచ్చు.

ఇంగ్లిష్ రాకపోతే నోరు మూసుకుని తల ఊపకండి. తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలి అని అడగొచ్చు. అర్థం కాకుండా ప్రతిదానికీ "యెస్ యెస్" అనడం అన్నిటికన్నా ప్రమాదం, "ఇక్కడ పని చేస్తారా" అన్నా అదే జవాబు వస్తుంది మరి. కొడుకు ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు, రిటర్న్ టికెట్, ఇవి కాగితం మీద రాసి చేతిసంచిలో పైనే పెట్టండి, ఫోన్ చార్జింగ్ అయిపోయినా పనికొస్తుంది.

పక్క గదికి రమ్మంటే అరెస్టు చేసినట్టు కాదు. ఇంకొంచెం వివరంగా అడుగుతారు, ఫోన్ కూడా చూస్తామనొచ్చు, గంటలు పట్టొచ్చు. తర్వాతి విమానానికి మధ్యలో మూడు నాలుగు గంటలైనా ఉండేలా టికెట్ తీయమని అనేది ఇందుకే.

ఇంకో మాట, తిండి పదార్థాల గురించి కూడా ఆ కౌంటర్ దగ్గరే అడుగుతారు. ఆవకాయ, మాడుగుల హల్వా ఉన్నాయని చెప్పేస్తే మహా అయితే తెరిచి చూస్తారు, చెప్పకుండా దొరికితే జరిమానా. చికెన్ పచ్చడి, రొయ్యల పచ్చడి జోలికి అసలు పోకండి.

తేదీ చదవకుండా ముందుకు కదలకండి

ఇదివరకు స్టాంపు మీద తేదీ రాసేవాళ్ళు, ఇప్పుడు అమెరికాలో చాలాచోట్ల స్టాంపే వేయడం లేదు. విమానంలో వచ్చేవాళ్ళకి ఎప్పుడొచ్చారో, ఎప్పటిదాకా ఉండొచ్చో రాసిచ్చే ఐ-94 కాగితం ఇవ్వడం 2013లోనే ఆపేశారు, అంతా ఆన్‌లైన్. కౌంటర్ దగ్గర నుంచి కదిలేముందు "ఎప్పటిదాకా" అని అడిగితే చెప్తారు, తప్పేం లేదు. ఇంటికి చేరాక ఒకటి రెండు రోజుల్లో పిల్లలు సీబీపీ (కౌంటర్లో కూర్చునే అమెరికా సరిహద్దు అధికారుల శాఖ) వాళ్ళ ఐ-94 వెబ్‌సైట్లోకి వెళ్ళి మీ పేరు, పుట్టినరోజు, పాస్‌పోర్టు నంబరు కొట్టి తీయాలి. అందులో "అడ్మిట్ అంటిల్" అని ఉండేదే మీ అసలు గడువు. ప్రింట్ తీసి పాస్‌పోర్టులో పెట్టండి.

ఇక్కడ తెలుగువాళ్ళకి ప్రత్యేకంగా వచ్చే చిక్కు పేరు. పాత పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, పేరంతా ఒకే గడిలో ఉంటే, అమెరికా వీసాలో ఆ పేరంతా ఇంటిపేరు కిందికి వెళ్ళిపోయి, పేరు దగ్గర ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది. వెబ్‌సైట్లో వెతికేటప్పుడు కూడా అలాగే కొట్టాలి, లేకపోతే రికార్డు లేదంటుంది, అందరూ హడలిపోతారు. వీసా మీద ఎలా ఉందో అక్షరం అక్షరం అలాగే కొట్టండి.

రెండోది తేదీ రాసే పద్ధతి. అమెరికాలో నెల ముందు, రోజు తర్వాత. 08/03 అంటే మనకి మార్చి 8, వాళ్ళకి ఆగస్టు 3. తేదీ పక్కన నెల పేరు తెలుగులో రాసి ఫ్రిజ్ మీద అంటించేయండి, ఇంట్లో అందరికీ కనిపిస్తుంది.

తేదీ అనుకున్న దానికన్నా తక్కువ ఉంటే ముందు పాస్‌పోర్టు గడువు రోజుతో పోల్చండి, రెండూ ఒకటే అయితే కారణం తెలిసినట్టే. అలా కాకుండా నిజంగా పొరపాటే అయితే డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ అనే సీబీపీ ఆఫీసులుంటాయి, పెద్ద ఎయిర్‌పోర్టులున్న ఊళ్ళలో, అక్కడ సరిచేస్తారు. మొదటి వారంలోనే వెళ్ళండి, ఐదో నెలలో వెళ్ళి మొదటి రోజు తప్పు గురించి చెప్తే వినేవాడికి కూడా విసుగే. కెనడాలో అయితే మెషీన్ దగ్గరే పని అయిపోయి స్టాంపు పడలేదనుకోండి, ఆఫీసర్‌ని అడిగి వేయించుకోవడం మేలు, తర్వాత ఏ రోజు వచ్చారన్నదానికి తగువుండదు.

గడువు దగ్గరపడితే

రిటర్న్ టికెట్‌ని చివరి రోజుకి తీయకండి, కనీసం వారం పదిరోజులు ముందుకి తీయండి. విమానం రద్దవ్వడం, జ్వరం రావడం, పిల్లలు "ఇంకో రెండు రోజులు ఉండండమ్మా" అనడం, ఏదో ఒకటి జరుగుతుంది.

నయాగరా వెళ్ళి కెనడా వైపు తిరిగొస్తే మళ్ళీ కొత్తగా ఆర్నెల్లు మొదలవుతాయని చెప్పేవాళ్ళున్నారు. 30 రోజుల లోపు కెనడా, మెక్సికో వెళ్ళొస్తే సాధారణంగా పాత తేదీయే కొనసాగుతుంది, పైగా కెనడా వీసా లేకుండా ఆ వంతెన దాటకూడదు.

నిజంగా ఉండాల్సిన అవసరం వస్తే, ఆపరేషన్ అయిందనో డాక్టరు ప్రయాణం వద్దన్నారనో, అమెరికాలో ఐ-539 ఫారంతో పొడిగింపు అడగొచ్చు. గడువు తీరక ముందే పెట్టాలి, 45 రోజుల ముందు పెట్టమని అక్కడి ఇమ్మిగ్రేషన్ వాళ్ళే చెప్తారు. డాక్టరు ఉత్తరం, ఖర్చులకి ఆధారం, ఎప్పుడు వెళ్తారో టికెట్, ఇవి జత చేయాలి. మనవడి మొదటి పుట్టినరోజు చూసి వెళ్తాం అనేది నా దృష్టిలో ఈ ఫారం పెట్టడానికి తగిన కారణం కాదు. పొడిగింపు వచ్చినా రాకపోయినా తర్వాతిసారి కౌంటర్ దగ్గర దాని గురించి అడుగుతారు. థాయ్‌లాండ్‌లో అయితే ఇది చిన్న విషయం, అక్కడి ఇమ్మిగ్రేషన్ ఆఫీసుకి వెళ్ళి 1,900 బాత్ కట్టి అడిగితే మామూలుగా 30 రోజులు ఇస్తారు.

అడగకుండా ఉండిపోతే ఏమవుతుందో కూడా తెలిసి ఉండాలి. అమెరికాలో ఒక్క రోజు దాటినా ఆ పదేళ్ళ వీసా చెల్లకుండా పోతుంది, మళ్ళీ కొత్తగా పెట్టుకోవాల్సిందే. గడువు తీరాక ఇంకో 180 రోజులు దాటి ఉండి బయటికొస్తే మూడేళ్ళు, అలా ఏడాది దాటితే పదేళ్ళు రానివ్వరు. థాయ్‌లాండ్‌లో రోజుకి 500 బాత్ జరిమానా, గరిష్ఠంగా 20,000. సింగపూర్‌లో గడువు తీరాక 90 రోజులు దాటి ఉంటే మగవాళ్ళకి బెత్తం దెబ్బలు కూడా చట్టంలో ఉన్నాయి.

తిరిగొచ్చాక ఒక పని

మీరు సమయానికే వెళ్ళిపోయారని వాళ్ళ రికార్డులో పడాలి, లేకపోతే వచ్చేసారి స్క్రీన్ మీద మీరు ఇంకా అక్కడే ఉన్నట్టు కనిపిస్తుంది. ఎయిర్‌లైన్స్ నుంచి సమాచారం వెళ్తుంది కాబట్టి మామూలుగా దానంతటదే పడుతుంది. అయినా ఊరు చేరి, రెండు రోజులు నిద్ర తీరాక, అదే ఐ-94 వెబ్‌సైట్లో ప్రయాణ చరిత్ర దగ్గర మీ వివరాలు కొట్టి, బయల్దేరిన తేదీ ఉందో లేదో చూడండి. లేకపోతే బోర్డింగ్ పాసులు పారేయకుండా ఉంచి, భారత్‌లో దిగినప్పుడు మన ఇమ్మిగ్రేషన్ వాళ్ళు వేసిన స్టాంపు పేజీ ఫొటో తీసి, రెండూ పాస్‌పోర్టు కవర్లోనే పెట్టుకోండి.